ఒక గ్లాసు కొసరు

ఆ ఏడు వానలు మొదలైన మూడో రోజున అమ్మమ్మ మా షెడ్డుకొచ్చింది. అమ్మమ్మ అంటే మా అమ్మను కన్నతల్లి కాదు. తమ్ముడి దళం వాళ్ళు తమ ఫిరంగికి పెట్టుకున్న పేరది. లారీ వెనక కట్టి, తడిసిన వల కప్పి లాక్కొచ్చారు. రెండు చక్రాలు, వెనక్కి మడిచి కట్టిన రెండు పొడవాటి ఇనుప కాళ్ళు, ముందొక దళసరి రేకు, రేకులోంచి బయటికి చాచిన గొట్టం. అంతే. వెనక తలుపు మీద చెక్కిన సంవత్సరాన్ని బట్టి అది మా నాన్నకంటే మూడేళ్ళు పెద్దది.

"అమ్మమ్మకి జలుబు చేసిందక్కా" అన్నాడు తమ్ముడు లారీ దిగుతూనే. పేలి వెనక్కి తన్నిన గొట్టాన్ని ఆపి మళ్ళీ ముందుకి తెచ్చే సిలిండరు గొట్టం కిందే ఉంటుంది, దాన్నుంచి ఆయిలు బొట్లుబొట్లుగా కారుతోంది.

"ముక్కు తుడిచి పంపిస్తాలే. ముందు నువ్వు తల తుడుచుకో" అన్నాను.

యుద్ధానికి ముందు ఆ షెడ్డులో మేస్త్రి కింద పదిమందిదాకా ట్రాక్టర్లు బాగుచేసేవాళ్ళం. పద్నాలుగేళ్ళుగా నా చేతులకి తెలిసింది ట్రాక్టర్ల ఆయిలు పంపులూ సీళ్ళూ మాత్రమే. కానీ ఇనుము ఇనుమే, ఆయిలు ఆయిలే అన్నది నా నమ్మకం. అంత నమ్మకం పనికిరాదని ఆ వానాకాలంలోనే తెలిసొచ్చింది.

తమ్ముడి దళానికి అంతకుముందు రెండు కొత్త ఫిరంగులుండేవి. వాటంతట అవే నడుస్తాయి, లోపల తెరలు, లెక్కలన్నీ అవే కట్టుకుంటాయి. ఒకదాన్ని డ్రోన్ కాల్చేసింది. రెండోదానికి ఏదో చిన్న పెట్టె పాడైంది, ఆ పెట్టె ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. అప్పుడు గోదాములో మూలపడి ఉన్న ఈ ముసలిదాన్ని బయటికి తీశారు. దీనికి బ్యాటరీ లేదు, తెర లేదు. నలుగురు మనుషులు నెడితే కదులుతుంది, తాడు లాగితే పేలుతుంది. బురదలో కూరుకుపోతే తవ్వి తీయాలి, ఆకాశంలో డ్రోన్ కనబడితే పరిగెత్తలేదు కాబట్టి ముందే గోతిలో దాచాలి. "దీని అలక తీర్చడం తేలికక్కా, కారణం ఎదురుగానే కనబడుతుంది" అనేవాడు తమ్ముడు. వాడే ఆ దళానికి పెద్ద.

నాన్న ఆ రోజు నా అన్నం డబ్బా పట్టుకుని వచ్చి షెడ్డు గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆయన పడుచుతనంలో సైన్యంలో ఇదే రకం ఫిరంగి మీద ఏడేళ్ళు పనిచేశాడు. చెవులు రెండూ దానికే సమర్పించుకుని ఇంటికొచ్చాడు. మా ఇంట్లో రహస్యాలు లేకపోవడానికి కారణం మా మంచితనం కాదు, ఏది చెప్పినా నాన్నకి అరిచి చెప్పాల్సి రావడమే.

"లోపలికి రా నాన్నా, నీ పాత చుట్టం" అన్నాను అరిచి.

రాలేదు. గుమ్మం దాటి ఒక్క అడుగు కూడా వేయలేదు. అక్కడి నుంచే చూస్తూ, నేను సీలు మార్చి ఆయిలు పోస్తున్నప్పుడు మాత్రం గొంతెత్తాడు.

"నిండా పొయ్యి! పోసి, ఒక గ్లాసు వెనక్కి తియ్యి!"

"ఎందుకు?"

"తియ్యమన్నాను!"

తమ్ముణ్ణి పిలిచి తన చేతి సంచీలోంచి గ్లాసు తీసిచ్చాడు. తెల్ల ఎనామిల్ గ్లాసు, అంచు దగ్గర పెచ్చు ఊడి నల్లగా కనబడేది. సైన్యం నుంచి తెచ్చుకున్న ఆ గ్లాసులో తప్ప ఆయన ఇంట్లో టీ తాగగా నేను చూడలేదు. అదే కొలతట. నేను ఒక గ్లాసు ఆయిలు వెనక్కి తీశాను. నాకు నచ్చలేదు. ట్రాక్టరు పనిలో సిలిండరులో గాలి బుడగ మిగిల్చిన ఫిట్టరుని ఫిట్టరనరు. నాన్న మాటని కాదనలేక తీశాను కానీ మనసొప్పి కాదు.

అమ్మమ్మతో పాటు ఒక రేకు పెట్టె కూడా వచ్చింది. అందులో దాని పుస్తకం. ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజు మొదలు దానికి ఎవరు ఏ మరమ్మతు చేశారో అందులో ఉంది. మొదటి పేజీలో ఒక నియమం అచ్చువేసి ఉంది: చేసిన పనితో పాటు జరిగిన తప్పు కూడా, చేసినవాళ్ళ చేత్తోనే రాయాలి, తరవాత పట్టుకునేవాళ్ళకి అది తెలియాలి. ఎన్నెన్ని చేతిరాతలో. "చక్రం నట్టు సరిగా బిగించలేదు. దారిలో ఊడింది. తప్పు నాదే. రెండో షిఫ్టు ఫిట్టరు" అని ఒకాయన. "వానలో గ్రీజు పూయడం బద్ధకించాను" అని ఇంకొకావిడ. ఇంత నిజాయితీ మా బంధువుల్లో కూడా చూడలేదని నవ్వుకుంటూ, సీలు మార్చిన సంగతి నా వంతుగా రాసి సంతకం చేశాను.

పది రోజులకి మళ్ళీ వచ్చింది. ఈసారి ఇంకో సీలు. మళ్ళీ నిండా పోశాను, మళ్ళీ ఒక గ్లాసు తీశాను. నాన్న మళ్ళీ గుమ్మంలోనే. ఇంటి ముందుగదిలో అమ్మ పాతబట్టలన్నీ పేలికలు చేసి, ఫిరంగిని డ్రోన్ల కంటపడకుండా దాచే వలకి ముడులు వేస్తూ కూర్చునేది. ఆకుపచ్చవీ మట్టిరంగువీ అయిపోయి నాన్న చొక్కాల దాకా వచ్చింది. "ఏవండీ, ఒంటి మీదున్నది ఒక్కటే మిగిలింది, అది కూడా ఇస్తారా?" అని అడిగితే నాన్నకి వినబడక "ఆఁ, ఇస్తా" అనేవాడు. అమ్మ పగలబడి నవ్వేది. ఆ నవ్వు మధ్యలోనే తెంచేసి, మళ్ళీ ముడులు వేసేది. తమ్ముడి సంగతి ఎవరమూ ఎత్తేవాళ్ళం కాదు.

మూడోసారి వచ్చినప్పుడు తమ్ముడు వేళాకోళమాడలేదు. గడ్డం మాసి, మెడ సన్నబడి, చొక్కా వేరేవాడిది తొడుక్కున్నట్టున్నాడు.

"రేపు రేవు దగ్గరికి వెళ్తున్నాం అక్కా. వాళ్ళు నది దాటడానికి అక్కడే పడవల వంతెన కడతారట. పది రోజులు మేము ఆపాలి. పదకొండో రోజుకి కొత్త ఫిరంగులొస్తాయి."

"మీతో పాటు ఇంకెవరు?"

"అమ్మమ్మ ఉందిగా" అన్నాడు.

నేను సిలిండరు విప్పి, కడిగి, కొత్త సీలు వేసి, నిండా ఆయిలు పోశాను. గ్లాసు వెనక్కి తీశాను. గ్లాసు చేతిలో ఉండగానే వాడి వైపు చూశాను. గుండ్లు మోసే కుర్రాడు వాడి పక్కనే ఉన్నాడు. బస్తా అని పిలుస్తారు. ఇదివరకు గోదాములో బస్తాలు మోసేవాడట, ఒంటి చేత్తో గుండెత్తుతాడు. ఇద్దరూ నిలబడే నిద్రపోతున్నారు. పది రోజులు. దారిలో ఎక్కడన్నా కారితే? అక్కడ ఎవరు పోస్తారు? ఎంత పోసినా తమ్ముడికి తక్కువేననిపించింది. చిన్నప్పుడు వాడి కంచంలో చారెడు ఎక్కువ వడ్డించినట్టే, ఆ గ్లాసుడు ఆయిలూ తిరిగి సిలిండరులో ఒంపేశాను. కొసరు. గాలి బుడగ అన్నది లేకుండా బిరడా బిగించాను. పద్నాలుగేళ్ళ పనితనమంతా ఆ బిగింపులో చూపించాను.

"తీశావా?" అని గుమ్మంలోంచి నాన్న అరిచాడు.

"తీశాను నాన్నా!" అన్నాను. తీసిన మాట నిజమే కదా.

బిరడా విప్పే నాలుగు పలకల పానా మా దగ్గర ఒక్కటే ఉంది. దాన్ని ఎప్పటిలాగే గోడ మేకుకి తగిలించాను. అమ్మమ్మ ఆ వానలోనే వెళ్ళిపోయింది.

నాలుగో రోజు పొద్దున పదకొండు గంటలకి షెడ్డులో వైర్‌లెస్ సెట్టు పలికింది. తమ్ముడి గొంతు.

"అక్కా, పన్నెండు గుండ్లు సరిగ్గా వెళ్ళాయి. ఆ తరవాత గొట్టం వెనక్కి తన్ని, తిరిగి పూర్తిగా ముందుకి రావట్లేదు. నాలుగు వేళ్ళు తక్కువలో ఆగిపోతోంది. గంట వదిలేస్తే దానంతట అదే వచ్చేస్తోంది. మళ్ళీ పన్నెండు కొట్టగానే అదే తంతు. ఏమిటిది?"

వేడెక్కితే ఆయిలు పొంగుతుంది. పొంగిన ఆయిలుకి చోటుండాలి. నాన్న ఇంతకాలం అడుగుతున్నది ఆ చోటే. చోటు లేని ఆయిలు గొట్టాన్ని ముందుకి రానివ్వక అడ్డం నిలబడింది. ట్రాక్టరు రోజంతా నడిచినా అంత వేడెక్కదు, అందుకే నా బుర్రకి తట్టలేదు. కాదు. తట్టకపోవడమొక్కటే అయితే ఇంకొకరి మాట విని ఊరుకునేదాన్ని. నేను విని కూడా కాదన్నాను.

"గంట ఆగరా" అన్నాను సెట్టులో.

"గంట ఎక్కడిదక్కా? వాళ్ళు పడవలు దింపుతున్నారు. నాలుగు వేళ్ళేగా, అలాగే కొట్టేస్తాం."

అప్పటికే నాన్న గుమ్మంలో అన్నం డబ్బాతో నిలబడి ఉన్నాడు. సెట్టులో మాట ఆయనకి వినబడదు, నా మొహం వినబడింది.

"ఏమంటున్నాడు?"

"నాలుగు వేళ్ళు తక్కువ వస్తోందట!"

"గ్లాసు తీశానన్నావు!"

చుట్టూ తొమ్మిదిమంది పనిచేస్తున్నారు. నా తప్పుని గుసగుసగా చెప్పుకునే వీలు నాకు లేదు. షెడ్డంతా మారుమోగేలా అరిచాను. "తీశాను నాన్నా! మళ్ళీ పోసేశాను! నేనే పోశాను!"

సుత్తులన్నీ ఆగిపోయాయి. నాన్న అన్నం డబ్బా కింద పెట్టాడు. గుమ్మం దాటాడు. నేరుగా వచ్చి నా చేతిలోంచి సెట్టు లాక్కున్నాడు.

"ఒరేయ్! నాలుగు వేళ్ళు తక్కువున్నప్పుడు పేల్చావంటే గొట్టం కట్టు తెంచుకుని వెనక్కొస్తుంది. నీ వెనక నిలబడ్డవాడు మిగలడు. విన్నావా? మేమొస్తున్నాం. పేల్చకు!"

అటునుంచి ఏం సమాధానమొచ్చిందో ఆయనకెలాగూ వినబడదు. నాకు వినబడింది. "నలభై నిమిషాలు నాన్నా. అంతకుమించి ఆపలేను" అన్నాడు తమ్ముడు.

గోడ మీది పానా తీసుకున్నాను. నాన్న తన చేతి సంచీలోంచి గ్లాసు తీసి జేబులో పెట్టుకున్నాడు. మేస్త్రి తన జీపు తాళం నా మీదికి విసిరి, "తప్పు సంగతి తరవాత చూద్దాం, పో" అన్నాడు.

ఇరవై మూడు కిలోమీటర్లు. రోడ్డు రోడ్డులా లేదు. నేను నడుపుతున్నాను, నాన్న కిటికీలోంచి తల బయటపెట్టి ఆకాశం చూస్తున్నాడు. వాన జోరుగా ఉన్నంతసేపు డ్రోన్‌లు పెద్దగా ఎగరవు. మేము సగం దూరం వెళ్ళేసరికి వాన సన్నబడింది. జన్మలో మొదటిసారి వానని ఆగవద్దని వేడుకున్నాను.

"మేం ఆగలేదు" అన్నాడు నాన్న ఉన్నట్టుండి.

"ఎప్పుడు?" అని అరిచాను. ఆయన నా వైపు తిరగలేదు. వినబడలేదేమో అనుకుని మళ్ళీ అడగబోయి, ఆయన చెయ్యి జేబులో గ్లాసు మీద బిగుసుకుని ఉండడం చూసి ఊరుకున్నాను.

చెట్ల కింద గోతిలో, అమ్మ ముడులు వేసిన వల కింద అమ్మమ్మ ఉంది. వలలో నాన్న నీలిగళ్ళ చొక్కా పేలిక నాకు దూరం నుంచే తెలిసింది. గుండు గొట్టంలో పెట్టి ఉంది. తమ్ముడు తాడు పట్టుకుని, కళ్ళలో వత్తులు వేసుకుని దారి వైపు చూస్తున్నాడు. మేము కనబడగానే తాడు వదిలేశాడు.

"ముప్ఫయ్యెనిమిది నిమిషాలు" అన్నాడు.

"ముందు గుండు తియ్యండి" అని నాన్న అరిచాడు. బస్తా వెనక తలుపు తీసి, గుండుని బిడ్డనెత్తుకున్నట్టు ఎత్తి పక్కన పెట్టాడు. నేను బురదలో వెల్లకిలా పడుకుని సిలిండరు కిందికి జరిగాను. ఇనుము సెగలు కక్కుతోంది. పానా పడింది కానీ బిరడా కదల్లేదు. అంత గట్టిగా బిగించిన పుణ్యాత్మురాలిని నేనే. రెండు చేతులూ వేసి, కాలు చక్రానికి తన్నిపెట్టి, ఉన్న బలమంతా పెట్టాను. మూడోసారికి కదిలింది. ఆయిలు నా మణికట్టు మీద సలసలా పడింది. చెయ్యి తీయలేదు. తీస్తే కొలత పోతుంది.

నాన్న గ్లాసు అందించాడు. నిండేదాకా పట్టాను. బిరడా బిగించేలోపే పైన ఏదో నిట్టూర్చినట్టు చప్పుడైంది. నాలుగు వేళ్ళు. గొట్టం నెమ్మదిగా, ఎవరూ తాకకుండానే, జరిగి తన చోట కూర్చుంది.

నాన్న గొట్టం మీద అరచెయ్యి పెట్టుకుని ఉన్నాడు. ఆయనకి ఆ చప్పుడు వినబడి ఉండదు, అరచేతికి తెలిసే ఉంటుంది. తరవాత బస్తా భుజం పట్టుకుని రెండడుగులు పక్కకి జరిపాడు.

"ఇక్కడ నిలబడాలి. గుండు పెట్టగానే ఇక్కడికే రావాలి. ఎంత తొందరున్నా సరే."

"అలాగే బాబాయ్" అన్నాడు బస్తా.

"అలాగే అని కాదు. నాకు నిలబడి చూపించు."

బస్తా నిలబడి చూపించాడు. తమ్ముడు తాడు లాగాడు. నా పళ్ళు కదిలాయి, వల మీది నీళ్ళన్నీ ఒక్కసారి మా మీద కురిశాయి. గొట్టం వెనక్కి తన్ని, మళ్ళీ వచ్చి కూర్చుంది. రెండోది. మూడోది. పన్నెండు దాటాయి, పదమూడోదానికి గొట్టం వైపే చూశాను. వచ్చి కూర్చుంది. ఇరవయ్యోదాకా లెక్కపెట్టి మానేశాను. వైర్‌లెస్‌లో ఎవరో వంతెన మధ్యలో తెగిందని చెబుతున్నారు.

వాన ఆగింది. తమ్ముడు ఆకాశం చూసి నా చెయ్యి పట్టుకుని జీపు దాకా లాక్కెళ్ళాడు. కాలిన నా మణికట్టు చూసి మొహం చిట్లించాడు.

"ఎవరు చేశారక్కా ఈ పని? నింపింది ఎవరు?"

"నేనే."

"పానా ఇక్కడ వదిలి వెళ్ళు" అన్నాడు. ఇచ్చేశాను. అది మొదటి రోజునే ఇవ్వాల్సింది.

పది రోజులన్నది పదహారు రోజులైంది. వాళ్ళు నది దాటలేదు.

వానలు వెనకబట్టాక, రోడ్లు గట్టిపడ్డాక, కొత్త ఫిరంగులొచ్చాయి. అమ్మమ్మ నాలుగోసారి మా షెడ్డుకొచ్చింది. గొట్టం లోపల గీతలన్నీ అరిగిపోయాయి, రేకుకి ఏడు చిల్లులు. తమ్ముడు లారీ దిగి, పక్కనే ఉన్న నాతో ఊరంతా వినబడేలా "బాగున్నావా అక్కా?" అన్నాడు. వాడి ఎడమ చెవి పోయింది. ఆ రోజు ఇంట్లో తండ్రీ కొడుకులిద్దరూ ఎదురెదురుగా కూర్చుని కేకలతో కబుర్లు చెప్పుకుంటుంటే, అమ్మ గుమ్మానికి ఆనుకుని వింటూ ఏడ్చింది. ఏడుస్తూనే "కాస్త నెమ్మదిగా మాట్లాడుకోండి" అంది. అంతకన్నా సంతోషంగా ఉన్న అమ్మని నేనెరగను.

మర్నాడు షెడ్డులో రేకు పెట్టె తెరిచి పుస్తకం తీశాను.

"రాయకక్కా" అన్నాడు తమ్ముడు. "అందరం బాగానే ఉన్నాం కదా. ఎవరడుగుతారు?"

"తరవాత పట్టుకునేవాళ్ళు అడుగుతారు" అన్నాను. రాశాను. "నిండా పోశాక ఒక గ్లాసు వెనక్కి తీయాలి. వేడికి ఆయిలు పొంగుతుంది. తెలిసినవాళ్ళు చెప్పినా వినలేదు. తీసిన గ్లాసు మళ్ళీ పోశాను, తీశానని చెప్పాను. పన్నెండో గుండు తరవాత గొట్టం నాలుగు వేళ్ళు తక్కువలో ఆగింది. తప్పు నాదే. ట్రాక్టర్ల ఫిట్టరు." సంతకం పెట్టి పుస్తకం మూయబోయాను.

"ఉండు" అన్నాడు నాన్న.

ఆయన ఈసారి గుమ్మంలో లేడు. నా భుజం పక్కనే నిలబడి నేను రాసింది చదువుతున్నాడు. పెన్ను ఇమ్మని చెయ్యి చాచాడు.

"ఇది నీ ఫిరంగి కాదు కదా నాన్నా!" అన్నాను.

"ఆ ఫిరంగికి ఆ రోజే పుస్తకం మూసేశారు" అన్నాడు. "ఇది దాని చెల్లెలే."

కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని, బడిపిల్లాడిలా ఒక్కో అక్షరమే దిద్ది రాశాడు. చాలాసేపు పట్టింది. నేనూ తమ్ముడూ చెరోపక్క నిలబడ్డాం.

"ఇదే రకం ఫిరంగి. నలభై ఒక్క ఏళ్ళ కిందట. గ్లాసు వెనక్కి తీయలేదు. నాలుగు వేళ్ళు తక్కువ వచ్చింది. ఆగకుండా పేల్చాం. వెనక నిలబడ్డవాడికి పాతికేళ్ళు, పాటలు బాగా పాడేవాడు. గ్లాసు అతనిది. నింపింది నేను."

నాన్న సిరా ఆరేదాకా పేజీ మీద ఊదాడు. తరవాత జేబులోంచి గ్లాసు తీసి, గుడ్డతో తుడిచి, పుస్తకంతో పాటు రేకు పెట్టెలో పెట్టి మూత వేశాడు.

"ఇది దీనితోనే ఉండాలి" అన్నాడు.

అమ్మమ్మకి కొత్త గొట్టం వేశాం. నిండా ఆయిలు పోశాం. ఒక గ్లాసు వెనక్కి తీశాను, తమ్ముడు చూస్తుండగా, నాన్న చూస్తుండగా. ఆ మధ్యాహ్నమే లారీ దాన్ని లాక్కెళ్ళింది. మర్నాడు పొద్దున అమ్మ అలవాటు కొద్దీ గూట్లో ఆ గ్లాసు కోసం వెతికి, దొరక్క, నా గాజు గ్లాసులో నాన్నకి టీ పోసి ఇచ్చింది. ఆయన ఏమీ అడగకుండా తాగేశాడు.